చైనా మహిళా దర్శకుల సినిమాలు: ఐదు దారులున్నాయి, మీరు దేనితో మొదలుపెట్టాలి?

చైనా సినిమా అనగానే మనలో చాలామందికి తెలుగు డబ్బింగులో చూసిన కుంగ్‌ఫూ ఫైట్లే గుర్తొస్తాయి. కాస్త ముందుకెళ్ళినవాళ్ళు జాంగ్ యిమౌ, చెన్ కైగే పేర్లు చెబుతారు. ఆడవాళ్ళు తీసినవి చూద్దామని వెతకడం మొదలుపెడితే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాదు. ఒకే జాబితాలో 1987 నాటి రంగస్థల నటి కథ ఉంటుంది. దాని పక్కనే 541 కోట్ల యువాన్లు వసూలు చేసిన కామెడీ ఉంటుంది. ఆ కిందే, ముగ్గురు కూర్చుని రెండు గంటలకు పైగా డంప్లింగులు (మోమోల్లాంటివి) చేసుకునే సినిమా ఉంటుంది. మూడూ అక్కడివే, మూడూ ఆడవాళ్ళవే. ఒకటి చూసి మిగతావీ ఇలాగే ఉంటాయనుకుంటే నిరాశ తప్పదు.

ఫిల్మ్ సొసైటీకి ప్రోగ్రామ్ వేసేవాళ్ళు, సినిమా చదువుకుంటున్నవాళ్ళు, తామే సినిమా తీయాలనుకుంటున్న అమ్మాయిలు, ఆదివారం ఇంట్లో అందరితో కూర్చుని చూసేవాళ్ళు, వీళ్ళందరికీ ఒకే సినిమా చెప్పడం కుదరదు. అందుకని దారులుగా విడదీసి చెబుతాను.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది, డబ్బు ఎవరిది. ప్రభుత్వ స్టూడియోదా, పండగ సీజన్ మీద పందెం కాసిన కంపెనీలదా, విదేశాలదా, ఇంట్లోవాళ్ళదా. సినిమా ఏం మాట్లాడగలదన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

రెండోది, అనుమతి. మన సెన్సార్ బోర్డు వయసును బట్టి యు, యు/ఎ, ఎ అని సర్టిఫికెట్ ఇస్తుంది. చైనాలో ఆ విభజనే లేదు. ఒక సినిమాను అందరూ చూడొచ్చు, లేదా ఎవరూ చూడకూడదు. అనుమతి దొరికిన సినిమా మొదట్లో ఆకుపచ్చ తెర మీద బంగారు డ్రాగన్ కనిపిస్తుంది. ఆ డ్రాగన్ ముద్ర లేనిదే థియేటర్లో ఆడించడానికి లేదు. 2017 మార్చిలో అమల్లోకి వచ్చిన సినిమా చట్టం ప్రకారం చిత్రోత్సవాలకు పంపడానికీ లేదు. 2018 నుంచి ఈ వ్యవహారమంతా కమ్యూనిస్టు పార్టీ ప్రచార విభాగం చేతిలో ఉంది. అత్యాచారం, అబార్షన్, పెళ్ళికాని తల్లి, ఇలాంటి కథ ఎత్తుకున్న దర్శకురాలు దాన్ని పిల్లలతో సహా అందరూ చూసే సినిమాగా ఒప్పించుకోవాలి. ఈ భారం మగ దర్శకులకూ ఉంది. కానీ ఆడవాళ్ళ జీవితంలోంచి వచ్చే కథల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఈ గీత మీదే నిలబడి ఉంటాయి.

మూడోది, చూడటానికి ఎంత నేపథ్యం తెలిసుండాలి. నాలుగోది, ఎంత ఓపిక కావాలి. ఈ రెండూ మీ గురించి మీకే తెలియాలి.

అయిదోది నాకు అన్నిటికన్నా ముఖ్యం: ఆ దారిలో ఆడమనిషికి ఎదురైన ఇబ్బంది ఏ రూపంలో ఉంది. కాలం గడిచేకొద్దీ ఆడవాళ్ళకు తలుపులు తెరుచుకుంటూ వచ్చాయనే కథ చైనా విషయంలో సగమే నిజం. ప్రభుత్వ స్టూడియోల కాలంలో దర్శకురాలికి నెలజీతం ఉండేది, ఉద్యోగ భద్రత ఉండేది, కథ మీద మాత్రం అధికారం తక్కువ. మార్కెట్ వచ్చాక కథ ఎంచుకోవడం కొంత చేతికొచ్చింది, జీతం పోయింది. ఏ దారి చూసినా ఒకటిచ్చి ఇంకోటి తీసుకుంది. కాబట్టి ఏది గొప్పదని కాకుండా, ఏ ఇబ్బందిని దగ్గర్నుంచి చూడాలనుకుంటున్నారో అనుకుని ఎంచుకుంటే మేలు.

| దారి | మొదట చూడాల్సింది | డబ్బు | నేపథ్యం | ఓపిక | దర్శకురాలికి ప్రధాన ఇబ్బంది |
|---|---|---|---|---|---|
| స్టూడియో కాలం | వుమన్, డీమన్, హ్యూమన్ (1987) | ప్రభుత్వ స్టూడియో | కొంచెం కావాలి | మధ్యస్థం | సొంత కథ చెప్పుకునే వీలు |
| పండగ సినిమా | హాయ్, మామ్ (2021) | పెద్ద కంపెనీలు | అక్కర్లేదు | అక్కర్లేదు | అందరినీ మెప్పించాలన్న ఒత్తిడి |
| నగరం కథలు | హర్ స్టోరీ (2024) | ప్రైవేటు, మధ్య తరహా | కొద్దిగా | తక్కువ | ఆన్‌లైన్ దాడి |
| చిత్రోత్సవాల దారి | ఏంజెల్స్ వేర్ వైట్ (2017) | చిన్న పెట్టుబడి, కొన్నిటికి విదేశీ డబ్బు | కొద్దిగా | ఎక్కువ | అనుమతి, ప్రేక్షకులు |
| హాంకాంగ్ | ఎ సింపుల్ లైఫ్ (2011) | ప్రైవేటు | అక్కర్లేదు | మధ్యస్థం | పెట్టుబడి దొరకడం |

ఒకటో దారి: నెలజీతం మీద సినిమా తీసిన ఆడవాళ్ళు

1949 తర్వాతి కొత్త చైనాలో మొదటి మహిళా దర్శకురాలిగా చెప్పుకునే వాంగ్ పింగ్ సైన్యానికి చెందిన ఆగస్టు ఫస్ట్ స్టూడియోలో పనిచేసింది. 1957లో ఆమె తీసిన 'ది స్టోరీ ఆఫ్ ల్యూబావో విలేజ్' ఒక సైనికుడికీ పల్లెటూరి అమ్మాయికీ మధ్య ప్రేమకథ. సైన్యం స్టూడియోలో ప్రేమకథ తీయడమే అప్పట్లో సాహసం. సాంస్కృతిక విప్లవం తర్వాత బీజింగ్ ఫిల్మ్ అకాడమీ మళ్ళీ తెరుచుకున్నప్పుడు, 1978లో చేరిన బ్యాచ్‌లో జాంగ్ యిమౌ, చెన్ కైగేలతోపాటు హు మెయ్, లీ షావోహోంగ్, పెంగ్ షావోలియెన్, లియు మియావోమియావో కూడా ఉన్నారు. ప్రపంచం ఆ బ్యాచ్‌లో మగవాళ్ళ పేర్లే ఎక్కువ గుర్తుపెట్టుకుంది.

ఈ దారిలో ఒక్క సినిమాయే చూస్తానంటే, ఆ బ్యాచ్ కన్నా ముందు తరానికి చెందిన హువాంగ్ షుచిన్ తీసిన 'వుమన్, డీమన్, హ్యూమన్' చూడండి. ఆమె షాంఘై స్టూడియోలో షియే జిన్ అనే పేరున్న దర్శకుడి దగ్గర సహాయకురాలిగా పనిచేసి పైకొచ్చింది. ఈ సినిమా పెయ్ యాన్‌లింగ్ అనే నిజమైన నటి జీవితం ఆధారంగా తీశారు. మన నాటకాల్లో స్థానం నరసింహారావు గారిలాంటి మగవాళ్ళు ఆడవేషాలు కట్టి పేరు తెచ్చుకుంటే, ఆమె పేరు తెచ్చుకున్నది మగవేషాల్లో, అందులోనూ జోంగ్ క్వె అనే దయ్యాలను పట్టే వికృత రూపుడి వేషంలో.

కథ క్లుప్తంగా ఇది. చ్యూ యున్ తల్లిదండ్రులు ఊరూరా తిరిగే నాటకాల వాళ్ళు. తల్లి మరొకరితో వెళ్ళిపోతుంది. ఆడపిల్ల రంగస్థలం ఎక్కితే చెడిపోవడమో, ఏడిపించబడటమో తప్పదని తండ్రి భయం. పిల్ల పట్టుబట్టి వేషం కడుతుంది, కానీ ఆడవేషం వద్దంటుంది. పేరొచ్చాక ఆమె బతుకు వేదిక మీద బాగానే ఉంటుంది, వేదిక దిగాక పెళ్ళి, అప్పులు, ఒంటరితనం. మొదటి దృశ్యంలో అద్దాల మధ్య కూర్చుని తన ముఖం మీద ఎరుపూ నలుపూ పూసుకుంటూ జోంగ్ క్వెగా మారిపోతుంది. ఇక్కడ దర్శకురాలు డైలాగు మీద ఆధారపడలేదు. రంగస్థల సన్నివేశాల్లో జోంగ్ క్వె వేషం వేసింది పెయ్ యాన్‌లింగే. అంటే తన జీవితం ఆధారంగా తీసిన సినిమాలో ఆమె ఒక దయ్యాల వేటగాడిగా నటించింది. ఇంత విచిత్రమైన ఏర్పాటు నేను ఇంకే సినిమాలోనూ చూడలేదు.

జోంగ్ క్వె చనిపోయాక కూడా చెల్లెలి పెళ్ళి చేయించడానికి తిరిగొచ్చిన అన్న అని తెలిసుంటే చాలు, సినిమా అర్థమవుతుంది. చైనా సంగీత నాటకాల గొంతు మొదటి పది నిమిషాలు చెవికి గుచ్చుకోవచ్చు. అక్కడ ఆపేయకండి.

ఈ దారి ఎలా ముగిసిందో కూడా తెలుసుకోవాలి. తొంభైల్లో స్టూడియోలకు ప్రభుత్వ డబ్బు తగ్గింది, టిక్కెట్లు అమ్ముడుపోయే సినిమాలు కావలసొచ్చాయి. లీ షావోహోంగ్ 'బ్లష్' 1995లో బెర్లిన్ చిత్రోత్సవంలో వెండి ఎలుగుబంటి అవార్డు గెలిచింది. అయినా తర్వాత ఆమెకు పెద్ద పేరు టీవీలోనే, 2000లో వచ్చిన చారిత్రక ధారావాహికతో వచ్చింది. హు మెయ్ కూడా యోంగ్‌జెంగ్ చక్రవర్తి మీద టీవీ సీరియల్ తీసి ఇంటింటికీ తెలిసింది. వీళ్ళ ప్రతిభ తగ్గలేదు. నెలజీతం ఇచ్చి సినిమా తీయించే చోటు లేకుండా పోయింది.

రెండో దారి: పండగ రోజున థియేటర్ నింపడం

చైనా కొత్త సంవత్సరం సెలవులు మనకి సంక్రాంతి సీజన్ లాంటివి. పెద్ద హీరోలు, పెద్ద బడ్జెట్లు, కుటుంబాలు. 2021 ఫిబ్రవరి 12న ఆ పోటీలోకి జియా లింగ్ అనే కామెడీ నటి తన మొదటి సినిమాతో దిగింది. 'హాయ్, మామ్'లో ఒకమ్మాయి 1981లోకి వెళ్ళి, పెళ్ళి కాని తన తల్లిని కలుస్తుంది. నిజజీవితంలో జియా లింగ్ పందొమ్మిదేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకుంది. ముందు ఈ కథను స్టేజి మీద స్కిట్‌గా చేసింది. సినిమా 541 కోట్ల యువాన్లు రాబట్టింది. ఒంటరిగా ఒక మహిళ దర్శకత్వం వహించిన సినిమాల్లో అప్పటికి ప్రపంచంలోనే అత్యధిక వసూళ్ళు దానివే. 2023లో 'బార్బీ' వచ్చేదాకా ఆ రికార్డు నిలిచింది.

ఫ్యాక్టరీ కాలనీ, మొదటిసారి ఇంటికొచ్చే టీవీ, వాలీబాల్ మ్యాచ్. ఎనభైల్లో ఏదైనా ప్రభుత్వ కంపెనీ క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళకి ఇదంతా చైనా అనిపించదు. కామెడీలో సగం మాటల మీద నడుస్తుంది కాబట్టి సబ్‌టైటిల్స్‌లో కొంత పోతుంది. చివరి అరగంటలో ఏమీ పోదు, కర్చీఫ్ దగ్గర పెట్టుకోండి. ఒక విమర్శ కూడా ఉంది: తల్లిని త్యాగమూర్తిగా నిలబెట్టి ఏడిపించడం పాత పద్ధతే కదా అని. ఆ మాటలో నిజముంది. ఇంత పెద్ద ప్రేక్షక సమూహానికి తల్లి కథ అమ్ముడుపోయింది, తల్లి కోపం కథ అయితే అమ్ముడుపోయేదా అన్నది నాకు అనుమానమే.

2024 పండగకి వచ్చిన రెండో సినిమా 'యోలో' ఇంకా ఆసక్తికరం. ఇంట్లోంచి కదలని ఒక స్త్రీ బాక్సింగ్ వైపు వెళ్ళే కథ, ఒక జపాన్ సినిమాకి రీమేక్. దీనికోసం జియా లింగ్ ఇరవై కిలోలు పెరిగి, తర్వాత యాభై కిలోలు తగ్గింది. 346 కోట్ల యువాన్లు వచ్చాయి. ఇది బరువు తగ్గడం గురించిన సినిమా కాదని ఆమె ముందే చెప్పింది, అయినా జనం మాట్లాడింది బరువు గురించే. సినిమా ప్రచారం కూడా దాన్ని బాగానే వాడుకుంది. ఒక ఆడమనిషి దర్శకురాలిగా చైనాలో ఇంత పెద్ద మార్కెట్ సంపాదించాక కూడా ఆమె శరీరమే వార్త. ఈ దారిలో ఉన్న ఇబ్బంది ఏమిటో 'యోలో' సినిమాలో కన్నా, దాని విడుదల చుట్టూ జరిగిన చర్చలో బాగా కనిపిస్తుంది.

నటి నుంచి దర్శకురాలిగా మారడం కొత్త కాదు. షు జింగ్‌లెయ్ 2004లోనే సాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకురాలు. జావో వెయ్ 2013లో 'సో యంగ్' తీస్తే 70 కోట్ల యువాన్లు దాటింది. తెర మీద పేరు ఉంటే పెట్టుబడి త్వరగా దొరుకుతుంది. కానీ ఆ పేరు పోతే అన్నీ పోతాయి. 2021 ఆగస్టులో జావో వెయ్ పేరునూ ఆమె సినిమాలనూ చైనా స్ట్రీమింగ్ వేదికల నుంచి ఒక్కసారిగా తీసేశారు, కారణం అధికారికంగా ఎవరూ చెప్పలేదు.

మూడో దారి: నగరంలో ఉద్యోగం చేసుకునే ఆడవాళ్ళ కథలు

మన పాఠకులకి ఎక్కువ దగ్గరయ్యేది ఇదే అని నా నమ్మకం.

ముందు ఒక సంఘటన చెప్పాలి. 2019 జూలైలో షినింగ్ నగరంలో జరిగిన 'ఫస్ట్' అనే చిత్రోత్సవం ముగింపు వేదిక మీద నటి హై చింగ్ మైకు అందుకుని, తనలాంటి నడివయసు నటీమణుల తరఫున కొత్త దర్శకులను అవకాశాలు అడిగింది. మార్కెట్, కథల పరిమితుల వల్ల తాము మంచి సినిమాలకు మొదట్లోనే దూరమైపోతున్నామని ఆమె బాధ. పక్కన యావో చెన్, సోంగ్ జియా నిలబడి ఉన్నారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు బతిమాలుకోవడమేమిటని విసుక్కున్నారు.

యావో చెన్ అప్పటికే అడగడం మానేసి తానే నిర్మాతగా మారింది. తెంగ్ త్సోంగ్‌త్సోంగ్ దర్శకత్వంలో 'సెండ్ మీ టు ద క్లౌడ్స్' అదే ఏడు వచ్చింది. అండాశయ క్యాన్సర్ వచ్చిన జర్నలిస్టు, ఆపరేషన్‌కు ముందు తన కోరికల గురించి మొహమాటం లేకుండా ఆలోచించే కథ. హై చింగ్‌కు 'రిటర్న్ టు డస్ట్'లో పల్లెటూరి స్త్రీ పాత్ర దొరికింది, ఆ సినిమాకు దర్శకుడు మగవాడు. ఇక సోంగ్ జియా 2024లో షావో ఇహుయ్ తీసిన 'హర్ స్టోరీ'లో ఒంటరి తల్లి వాంగ్ తియెమెయ్‌గా కనిపించింది.

'హర్ స్టోరీ' షాంఘైలో నడుస్తుంది. ఉద్యోగం మారిన జర్నలిస్టు తల్లి, తొమ్మిదేళ్ళ కూతురు, పక్కింట్లో ఉండే గాయని. మాజీ భర్త, అతనికి పోటీగా ఒక డ్రమ్మర్. వీళ్ళిద్దరూ తామెంత స్త్రీవాదులమో చెప్పుకోవడానికి పోటీపడే సన్నివేశం చూసి నవ్వకుండా ఉండలేరు. నాకు నచ్చిన ఘట్టం వేరే ఉంది. గాయని తాను రికార్డు చేసిన చప్పుళ్ళు వినిపించి, అవేమిటో ఊహించమని పిల్లను అడుగుతుంది. పిల్ల ప్రకృతిలోని గొప్ప గొప్ప శబ్దాలన్నీ చెబుతుంది. తెర మీద మనకి కనిపించేది తల్లి వంట చేస్తూ, ఊడుస్తూ, సర్దుతూ ఉండటం. ఇంటిపని గురించి ఉపన్యాసం లేదు, ఫిర్యాదు కూడా లేదు.

70 కోట్ల యువాన్లకు పైగా వసూలైంది. ఆడామగా మధ్య గొడవలు పెడుతోందని ఆన్‌లైన్‌లో దాడి కూడా అదే స్థాయిలో జరిగింది. చైనా ఇంటర్నెట్‌లో ఈ ఆరోపణ చిన్నది కాదు, అది పెరిగితే సినిమా తీసినవాళ్ళ తర్వాతి ప్రాజెక్టు మీద పడుతుంది. షావో ఇహుయ్ కామెడీని ఎంచుకోవడం వెనక ఈ లెక్క కూడా ఉండి ఉండొచ్చని నాకు అనిపిస్తుంది, నవ్వుతున్నవాళ్ళతో గొడవపడటం కష్టం కదా.

నవ్వు వద్దు, గట్టిగా గుచ్చుకోవాలి అనుకుంటే యిన్ రువోషిన్ 'సిస్టర్' (2021) చూడండి. చెంగ్డూలో నర్సుగా చేస్తున్న అమ్మాయి తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోతారు. తనకు దాదాపు పరిచయం లేని చిన్న తమ్ముడు మిగులుతాడు. ఆమె బీజింగ్ వెళ్ళి పైచదువు చదవాలి, బంధువులేమో అక్కవి కాబట్టి పెంచమంటారు. ఒక్క బిడ్డ నిబంధన ఉన్న రోజుల్లో, కొడుకును కనడానికి అనుమతి కోసం ఆ అమ్మాయిని వికలాంగురాలిగా చూపించిన తల్లిదండ్రులు వాళ్ళు. తమ్ముడి చదువు కోసం తన చదువు వదిలేసిన మేనత్త పాత్ర కథానాయిక కన్నా బలంగా ఉంటుంది. ముగింపు మీద అక్కడ పెద్ద వాదన జరిగింది. సినిమా ఏప్రిల్‌లో విడుదలైతే, మే 31న ప్రభుత్వం ముగ్గురు పిల్లల్ని కనొచ్చని ప్రకటించింది.

పెళ్ళయి ముప్పై ఏళ్ళయిన పాఠకురాలికి అయితే నేను యిన్ లిచువాన్ 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' (2024) ఇస్తాను. 2020లో యాభై ఆరేళ్ళ వయసులో భర్తను వదిలి కారేసుకుని దేశం తిరగడానికి బయల్దేరిన సు మిన్ కథ ఆధారం. సినిమా ఆమె చేసిన ప్రయాణం గురించి తక్కువ, బయల్దేరడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టిందన్నది ఎక్కువ.

నాలుగో దారి: చిత్రోత్సవాల నుంచి లోపలికి

ఇక్కడ రెండు రకాలున్నాయి, కలపకూడదు. డ్రాగన్ ముద్ర తెచ్చుకుని చిత్రోత్సవాలకు వెళ్ళినవాళ్ళు ఒకరు, దాన్ని వదులుకున్నవాళ్ళు ఇంకొకరు.

మొదటి రకానికి వివియన్ చూ. 2014లో బెర్లిన్‌లో బంగారు ఎలుగుబంటి గెలిచిన 'బ్లాక్ కోల్, థిన్ ఐస్'కు ఆమె నిర్మాత. 2017లో 'ఏంజెల్స్ వేర్ వైట్'తో వెనిస్ పోటీలోకి వెళ్ళింది. ఆ ఏడాది ఆ పోటీలో మహిళ తీసిన సినిమా అదొక్కటే, ఇది చైనాకు మాత్రమే పరిమితమైన సిగ్గు కాదు. సముద్రపు ఒడ్డున ఒక చవక హోటల్లో ఇద్దరు స్కూలు పిల్లల మీద ఒక అధికారి అఘాయిత్యం చేస్తాడు. ఆ రాత్రి రిసెప్షన్‌లో ఉన్న, గుర్తింపు పత్రాలు లేని పదహారేళ్ళ అమ్మాయి దగ్గర సీసీటీవీ సాక్ష్యం ఉంటుంది. అఘాయిత్యాన్ని తెర మీద చూపించరు. తర్వాత పిల్లలకు ఎదురయ్యే ఆసుపత్రి, పోలీసు, తల్లి చేతి దెబ్బ, ఇవే సినిమా. ఈ కథకు అనుమతి తెచ్చుకోవడమే పెద్ద విజయం. పిల్లలపై లైంగిక హింస ప్రస్తావన ఉంది కాబట్టి సొసైటీలో వేసేటప్పుడు ముందే చెప్పండి.

ఆమె తర్వాతి సినిమా 'గర్ల్స్ ఆన్ వైర్' 2025లో బెర్లిన్ పోటీలో ఆడింది. ఇంటి అప్పులు తీర్చడానికి సినిమా నగరంలో స్టంట్ పనిచేసే అమ్మాయి అందులో ప్రధాన పాత్ర. చైనా సినిమా సెట్ మీద ఆడవాళ్ళ కూలిపని ఎలా ఉంటుందో తెర మీద చూడాలంటే ఇదే.

రెండో రకానికి హువాంగ్ జి. భర్త, జపాన్‌కు చెందిన ర్యూజి ఓత్సుకాతో కలిసి తీస్తుంది. 'స్టోన్‌వాలింగ్' (2022)లో ఇరవయ్యేళ్ళ విద్యార్థిని గర్భవతి అవుతుంది, ఆ బిడ్డను తల్లి క్లినిక్ గొడవలో నష్టపరిహారంగా ఇచ్చేయాలని అనుకుంటుంది. తల్లిదండ్రులుగా నటించింది దర్శకురాలి సొంత తల్లిదండ్రులే. దాదాపు రెండున్నర గంటలు, కదలని కెమెరా, సంగీతం దాదాపు లేదు. 2023లో తైవాన్ గోల్డెన్ హార్స్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం. 2019 నుంచి చైనా తన సినిమాలను ఆ వేడుకకు వెళ్ళనివ్వడం లేదు, అంటే ఆ గెలుపుతో స్వదేశంలో ఏమీ రాదు. ఎవరినీ అడగకుండా తీసినందుకు సొంత ఊరివాళ్ళకే చూపించలేకపోవడం ఈ దారి ధర.

మధ్యలో లియు జియాయిన్ ఉంది. విద్యార్థినిగా ఉండగా 2005లో చిన్న డిజిటల్ వీడియో కెమెరాతో, బీజింగ్‌లోని తమ చిన్న ఇంట్లో అమ్మానాన్నలతో, 23 షాట్లలో 'ఆక్స్‌హైడ్' తీసింది. రెండో భాగమే మొదట్లో చెప్పిన డంప్లింగుల సినిమా, తొమ్మిది షాట్లే. తర్వాత పద్నాలుగేళ్ళు ఫీచర్ సినిమా లేదు. 2023లో స్టార్ హు గెతో 'ఆల్ ఇయర్స్' తీసి షాంఘై చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకురాలైంది.

డాక్యుమెంటరీల గురించి ఒక్క మాట: అమెరికాలో ఉండే నాన్ఫు వాంగ్ 'వన్ చైల్డ్ నేషన్' (2019) చూస్తే 'సిస్టర్' ఇంకా బాగా అర్థమవుతుంది. దేశం బయట ఉండబట్టే ఆ సినిమా సాధ్యమైంది.

అయిదో దారి: హాంకాంగ్

హాంకాంగ్‌కు వేరే చట్టం, వేరే మార్కెట్, వయసు ప్రకారం సర్టిఫికెట్లు. ఇక్కడ ఒకటే పేరు తెలిస్తే చాలనుకుంటే అది ఆన్ హుయ్. 1947లో ఈశాన్య చైనాలో పుట్టింది, తల్లి జపనీయురాలు. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఆరుసార్లు ఉత్తమ దర్శకురాలు, 2020లో వెనిస్‌లో జీవిత సాఫల్య బంగారు సింహం. ఇంత ఉండీ ఆమెకు పెట్టుబడి తేలిగ్గా దొరకలేదు. 'ఎ సింపుల్ లైఫ్'కు హీరో ఆండీ లౌ డబ్బు కూడా పెట్టబట్టే అది తయారైంది. ఒక ఇంట్లో అరవయ్యేళ్ళు పనిచేసిన ముసలి పనిమనిషి, ఆమెను చివరి రోజుల్లో చూసుకునే ఆ ఇంటి అబ్బాయి. ఏడిపించడానికి అన్ని అవకాశాలూ ఉన్న కథలో ఎక్కడా గొంతు పెంచదు. డీనీ ఇప్‌కు వెనిస్‌లో ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

భారతీయులకు ఇంకో కారణం కూడా ఉంది ఈ దారిలోకి రావడానికి. అరవైల చివర్లో తాంగ్ షుషుయెన్ అనే యువతి 'ది ఆర్చ్' తీసింది. పాతివ్రత్యానికి గుర్తుగా ఊళ్ళో తోరణం కట్టబోతున్న సమయంలో ఒక వితంతువు మనసు కదలడం కథ. ఆ నలుపు తెలుపు ఛాయాగ్రహణంలో 'పథేర్ పాంచాలి'కి కెమెరా పట్టిన సుబ్రత మిత్ర చెయ్యి ఉంది. గుమ్మాల వెలుగు, నీడ చూస్తే మీకే తెలుస్తుంది. తాంగ్ నాలుగు సినిమాలు తీసి, మానేసి, అమెరికా వెళ్ళి రెస్టారెంట్ పెట్టుకుంది. 1930ల్లోనే హాంకాంగ్‌లో సినిమాలు తీసిన ఎస్తర్ ఎంగ్ కూడా చివరికి న్యూయార్క్‌లో రెస్టారెంట్లే నడిపింది. ఇద్దరు మార్గదర్శకులు హోటల్ వ్యాపారంలో తేలడం కాకతాళీయమే కావచ్చు. వాళ్ళ తరం మగ దర్శకుల్లో నాకు ఇలాంటి కథ దొరకలేదు.

మరి మీరు?

ఇంట్లో అందరితో చూసేవాళ్ళు 'హాయ్, మామ్' లేదా 'ఎ సింపుల్ లైఫ్'. అమ్మమ్మలు, తాతయ్యలు కూడా ఉంటే రెండోదే. నెమ్మదిగా ఉంటుంది, కానీ వాళ్ళకి ఆ నెమ్మది ఇబ్బంది కాదు.

ఫిల్మ్ సొసైటీవాళ్ళు ఒక్క సాయంత్రానికి ప్లాన్ చేస్తుంటే 'ది ఆర్చ్'. సుబ్రత మిత్ర పేరు పోస్టర్ మీద వేస్తే జనం వస్తారు. మూడు వారాలు దొరికితే 'వుమన్, డీమన్, హ్యూమన్', 'ఏంజెల్స్ వేర్ వైట్', 'హర్ స్టోరీ', ఈ వరసలోనే. కామెడీని చివరికి ఉంచండి, చివర్లో వేస్తే మొదటి రెండింటికీ సగం మంది రారు అనుకుంటారు గానీ, నిజానికి మొదటి రెండూ చూసినవాళ్ళకే దాని నవ్వులో ఉన్న ఒడుపు తెలుస్తుంది. జనం రావడమే సమస్య అయిన ఊళ్ళో అయితే ఈ సలహా తిరగేయండి.

సినిమా చదువుకుంటున్నవాళ్ళు ఒకదానికొకటి దగ్గరి అంశాలను రెండు దారుల్లో చూడండి. పెళ్ళికాని గర్భం, అబార్షన్ మీద 'స్టోన్‌వాలింగ్', పిల్లల విధానం మీద 'సిస్టర్'. ముద్ర ఉన్న సినిమా ఏది చెప్పకుండా తప్పించుకుంది, ముద్ర లేనిది ఏ ప్రేక్షకుల్ని పోగొట్టుకుంది అని రాసుకుంటే పరీక్షకి పనికొచ్చే వ్యాసం దానంతటదే తయారవుతుంది.

సినిమా తీయాలనుకుంటున్న అమ్మాయిలకి నేను జియా లింగ్‌ను మొదట చెప్పను. ఆ స్థాయి పెట్టుబడి ఆమె టీవీలో ఏళ్ళ తరబడి సంపాదించిన పేరు మీద వచ్చింది. 'ఆక్స్‌హైడ్' చూడండి. ఒక గది, అమ్మా నాన్నా, ఒక కెమెరా. చూడటానికి కష్టంగా ఉంటుంది, మధ్యలో నిద్ర కూడా రావచ్చు. అయినా డబ్బు లేదన్న కారణం ఆ సినిమా ముందు నిలబడదు. ఆ తర్వాత ఆన్ హుయ్ మీద 2020లో వచ్చిన డాక్యుమెంటరీ 'కీప్ రోలింగ్' చూడండి. డెబ్భై దాటిన దర్శకురాలు ముసలి తల్లిని చూసుకుంటూ సెట్‌కు వెళ్ళడం అందులో ఉంది. మొదటి సినిమా తీయడం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, ముప్పయ్యో సినిమా దాకా ఎలా నిలబడాలో చూపించేది ఇదొక్కటే నాకు తెలిసినంతలో.

స్ట్రీమింగ్ హక్కులు దేశానికొకలా, నెలకొకలా మారుతుంటాయి కాబట్టి ఏది ఎక్కడుందో చూడబోయే ముందే వెతుక్కోండి. పేర్లు వెతికేటప్పుడు ఇంటిపేరు ముందొస్తుందని మర్చిపోకండి, హువాంగ్ షుచిన్, హువాంగ్ జి బంధువులు కారు. అనుమానంగా ఉంటే సినిమా పేరుతోపాటు విడుదలైన సంవత్సరం కూడా కొట్టండి, 'సిస్టర్' అని ఒక్కటే కొడితే ఏమేం వస్తాయో చెప్పలేను.